బందరు నుంచి వెల్లింగ్టన్ స్క్వేర్ దాకా: 1939 ఎన్నిక జరిగిన దారిలో

సోమవారం, మచిలీపట్నం

1939 జనవరి 29న జరిగిన కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్ర బోస్‌కు 1580 ఓట్లు, డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యకు 1377 ఓట్లు వచ్చాయి. గాంధీజీ నిలబెట్టిన అభ్యర్థిని సుభాష్ ఓడించారన్న ఒక్క వాక్యంతో మన పాఠ్యపుస్తకాలు ఈ సంగతి ముగిస్తాయి. ఆ ఓడిపోయిన మనిషి ఊరి నుంచి బయలుదేరి, పోటీకి సంబంధించిన చోట్లన్నీ వరుసగా చూసి రావాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది. జనవరి చలి తగ్గుముఖం పట్టగానే బందరు చేరాను.

గుండుగొలనులో 1880లో పుట్టిన పట్టాభి మద్రాసులో వైద్యం చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టి, కొన్నేళ్లకే దాన్ని వదిలేసి పూర్తిగా ప్రజాజీవితంలోకి వచ్చేశారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రాణం పోసింది, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించింది ఆయనే. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు మారినా, ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకు అనే అంటున్నారు. బ్యాంకు ఎదుట కాఫీ కొట్టు దగ్గర కలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా ప్రయాణం సంగతి విని, "మావాడు ఓడిపోయాడని అందరికీ తెలుసు బాబూ, అసలు ఎందుకు నిలబడాల్సి వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు" అన్నారు. ప్రశ్న సరైనదే. దానికి జవాబు బందరులో దొరకదు కనుక, సాయంత్రానికి విజయవాడ చేరి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

మంగళవారం, రైలులో

చీకట్లోనే రైలు వార్ధా దాటిపోయింది. తిరుగు ప్రయాణంలో అక్కడ దిగాలి. పగలంతా ఖాందేశ్ నల్లరేగడి చేలను చూస్తూ, అప్పటి ఎన్నిక పద్ధతి గురించి ఆలోచిస్తూ గడిపాను.

కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి రాష్ట్రాల ప్రతినిధులు ఓటు వేసి ఎన్నుకోవాలన్నది నిబంధన. ఆచరణలో మాత్రం పెద్దలు ముందుగానే ఒక పేరు అనుకోవడం, మిగిలినవారు ఉపసంహరించుకోవడం, చివరికి ఏకగ్రీవమని ప్రకటించడం ఆనవాయితీ అయిపోయింది. 1938లో హరిపురా మహాసభకు సుభాష్ ఎన్నికైంది అలాగే, గాంధీజీ సమ్మతితోనే. ఎన్నికైన అధ్యక్షుడు తన వర్కింగ్ కమిటీ సభ్యులను తానే నియమించుకుంటాడు. కాగితం మీద ఈ అధికారం అంతా అధ్యక్షుడిదే. కానీ ఎవరు అధ్యక్షుడైనా కమిటీలో అవే పేర్లు కనిపిస్తుండేవి: పటేల్, రాజేంద్ర ప్రసాద్, ఆజాద్, కృపలానీ, జమ్నాలాల్ బజాజ్. అధ్యక్ష పీఠం ఏటా చేతులు మారేది, కమిటీ మాత్రం నిలకడగా ఉండేది. 1939 గొడవకు మూలం ఈ నిర్మాణంలోనే ఉందని నా అభిప్రాయం. మనుషుల స్వభావాలు దానికి తోడయ్యాయి, అంతే.

బుధవారం, బార్డోలి, హరిపురా

సూరత్‌లో దిగి బస్సులో బార్డోలి చేరేసరికి చెరకు లారీలు రోడ్డంతా ఆక్రమించి ఉన్నాయి. ఈ ప్రాంతం సహకార చక్కెర మిల్లులకు పెట్టింది పేరు, ఇది గానుగ ఆడే కాలం. 1928లో ఇక్కడ జరిగిన పన్ను నిరాకరణ సత్యాగ్రహంతోనే వల్లభ్‌భాయ్ పటేల్ సర్దార్ అయ్యారు. స్వరాజ్ ఆశ్రమం చెట్ల నీడలో ప్రశాంతంగా ఉంది. పక్కనే పటేల్ సంగ్రహాలయం. ప్రదర్శనలో ఎక్కువ భాగం రైతుల పోరాటానిదే, అది న్యాయమే. నేను వెతుక్కుంటూ వచ్చిన సంగతికి మాత్రం అక్కడ పెద్దగా చోటు లేదు.

1939 జనవరి నడుమ వర్కింగ్ కమిటీ బార్డోలిలోనే సమావేశమైంది. అధ్యక్ష పదవికి రాష్ట్రాల నుంచి వచ్చిన పేర్లు మూడు: ఆజాద్, సుభాష్, పట్టాభి. ఆజాద్ నిలబడతారని పెద్దలు అనుకున్నారు. అలాగైతే తాను తప్పుకోవాలని పట్టాభి అనుకున్నారు. ఇంతలో ఆజాదే ఆరోగ్యం బాగాలేదంటూ తప్పుకుని, పట్టాభిని బలపరచమని ప్రకటన ఇచ్చారు. సుభాష్ తప్పుకోలేదు. స్వతంత్ర దేశాల్లో మాదిరిగా ఇక్కడ కూడా విధానాల మీద, కార్యక్రమాల మీద పోటీ జరగాలని ఆయన వాదించారు. 1935 భారత ప్రభుత్వ చట్టంలోని ఫెడరేషన్ (రాష్ట్రాలనూ సంస్థానాలనూ కలిపే సమాఖ్య) విషయంలో బ్రిటిష్ వారితో రాజీ కుదుర్చుకోవాలని మితవాదులు చూస్తున్నారన్నది ఆయన అనుమానం.

జనవరి 24న పటేల్, రాజేంద్ర ప్రసాద్, కృపలానీ, బజాజ్, భూలాభాయ్ దేశాయ్, జైరాందాస్ దౌలత్‌రామ్, శంకర్‌రావ్ దేవ్ కలిసి ఒక ప్రకటన ఇచ్చారు. ఎన్నిక ఏకగ్రీవంగా జరగడమే మంచిదనీ, విధానాలను నిర్ణయించేది అధ్యక్షుడు కాదు కనుక పునరెన్నికకు ప్రత్యేక కారణమేదీ లేదనీ, సుభాష్ తప్పుకోవాలనీ దాని సారాంశం. సుభాష్ మళ్లీ ఎన్నికైతే దేశానికి హాని అని పటేల్ సుభాష్ అన్న శరత్ బోస్‌కు తంతి కూడా పంపారు. జవాబుగా సుభాష్ ఒక మెలిక పెట్టారు: ఆచార్య నరేంద్ర దేవ్ వంటి ఫెడరేషన్ వ్యతిరేకిని నిలబెడితే తాను తప్పుకుంటానన్నారు. ఆ ప్రతిపాదనను అవతలివారు పట్టించుకోలేదు. ఇరుపక్షాలూ ఐక్యత కోసమే మాట్లాడుతున్నామన్నాయి. పరిశీలించి చూస్తే, అవతలివాడు తప్పుకోవాలన్నదే ఇద్దరి మాటల్లోని అర్థం. అధ్యక్షుడు విధానాలను నిర్ణయించడన్న ఏడుగురి వాదన నాకు ఎప్పుడూ వింతగానే అనిపిస్తుంది. ఆ పదవికి అంత తక్కువ విలువే ఉంటే, అందులో సుభాష్ ఇంకో ఏడాది కూర్చుంటే వచ్చే నష్టమేమిటి? 1936, 1937 సంవత్సరాల్లో నెహ్రూ వరుసగా అధ్యక్షులుగా ఉన్నారు కదా.

మధ్యాహ్నం ఆటోలో కడోద్ మీదుగా హరిపురాకు వెళ్లాను. తాపీ నది ఒడ్డున చెరకు, అరటి తోటల మధ్య చిన్న ఊరు. 1938 ఫిబ్రవరిలో ఇక్కడ వెలసిన వెదురు నగరానికి విఠల్‌నగర్ అని పేరు పెట్టారు. కాంగ్రెస్ 51వ మహాసభ కనుక సుభాష్‌ను 51 ఎడ్లు లాగే రథం మీద ఊరేగించారు. నందలాల్ బోస్ పల్లె బతుకుల చిత్రాలు వేసి పందిళ్లను అలంకరించారు. ఆ నగరానికి ఎవరి పేరు పెట్టారో ఆ విఠల్‌భాయ్ పటేల్, వల్లభ్‌భాయ్‌కి స్వయానా అన్న. ఆయన 1933లో యూరప్‌లో చనిపోతూ, విదేశాల్లో భారతదేశం తరఫున ప్రచారం చేయడానికి తన ఆస్తిలో పెద్ద భాగం సుభాష్‌కు రాసి ఇచ్చారు. ఆ వీలునామాను పటేల్ సందేహించారు, వ్యవహారం బొంబాయి హైకోర్టుకు చేరి 1939లో తీర్పు సుభాష్‌కు వ్యతిరేకంగా వచ్చింది. కాంగ్రెస్ చరిత్రకారులు ఈ సంగతిని అడుగున ఒక గమనికగా తోసేస్తారు. విధానాల తగాదాలో సొంత తగాదాల పాలెంత అని అడిగేవాళ్లు మాత్రం దీన్ని వదిలిపెట్టలేరు.

గురువారం, వార్ధా

రాత్రి రైలు ఎక్కి వార్ధాలో దిగి, నేరుగా సేవాగ్రామ్ వెళ్లాను. బాపూ కుటీర్ గురించి చాలామంది రాశారు. మట్టిగోడల చల్లదనం, ఆ గదిలోని పొదుపు చూసి నేనూ కాసేపు మాటలు మరిచాను. కానీ నా దృష్టి వేరే విషయం మీద ఉంది. గాంధీజీ 1934లోనే కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు. ఈ ఎన్నిక నాటికి ఆయనకు నాలుగణాల సభ్యత్వం కూడా లేదు, కనుక ఓటూ లేదు. అలాంటి ఆయన ఫలితం తెలియగానే జనవరి 31న ఇచ్చిన ప్రకటనలో, పట్టాభి తన పేరు ఉపసంహరించుకోకుండా చేసింది తానే కనుక ఈ ఓటమి పట్టాభికన్నా తనదే ఎక్కువని చెప్పారు. బందరులో విన్న ప్రశ్నకు ఇదే జవాబు. పట్టాభి కోరుకుని నిలబడలేదు.

ఆ ఒక్క వాక్యం గెలిచినవాడి చేతిలోని గెలుపును లాగేసుకుంది. అప్పటిదాకా ఇద్దరు నాయకుల మధ్య జరిగిన పోటీ కాస్తా, ఆ మాటతో గాంధీజీ మీద విశ్వాసానికి పరీక్ష అయిపోయింది. సుభాష్‌కు ఓటేసిన ప్రతినిధుల్లో చాలామంది అలాంటి పరీక్షకు సిద్ధపడి వేయలేదు. వారిలో కొందరికి సుభాష్ మీద అభిమానం, కొందరికి పెద్దల ఏకగ్రీవాల మీద విసుగు. బెంగాల్, పంజాబ్, యుక్తపరగణాలు (ఇప్పటి ఉత్తరప్రదేశ్), కర్ణాటక, కేరళ సుభాష్ వైపు మొగ్గగా, గుజరాత్, బీహార్, ఒరిస్సా, ఆంధ్ర పట్టాభి వైపు నిలిచాయి. మన ప్రతినిధులు తమవాడికే ఓటేశారు. అందులో సిద్ధాంతం పాలెంత, సొంతవాడన్న అభిమానం పాలెంత అన్నది ఊహించుకోవచ్చు.

ఫిబ్రవరి 15న సుభాష్ ఇక్కడికి వచ్చి గాంధీజీని కలిశారు. మాటలు కలవలేదు. ఆ తర్వాత ఆయనకు జ్వరం పట్టుకుంది. ఫిబ్రవరి 22న వార్ధాలో వర్కింగ్ కమిటీ సమావేశం జరగాల్సి ఉండగా, రాలేనని ఆయన కలకత్తా నుంచి కబురు పంపారు. ఆ రోజే 12 మంది సభ్యులు రాజీనామా చేశారు. నెహ్రూ విడిగా ఒక ప్రకటన ఇచ్చి తానూ తప్పుకున్నారు. 15 మంది కమిటీలో చివరికి మిగిలింది సుభాష్, ఆయన అన్న శరత్ మాత్రమే. సమావేశాలకు వచ్చే నాయకులు బస చేసిన బజాజ్‌వాడీని సాయంత్రం బయటి నుంచి చూశాను. 12 మంది ఒకేసారి రాజీనామా చేయడం నిబంధనల ప్రకారం తప్పేమీ కాదు, నిజానికి గెలిచినవాడికి తన మనుషులను ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చామని వారు చెప్పుకున్నారు. ఆ స్వేచ్ఛ ఎంత కాలం నిలిచిందో మార్చిలో మహాసభ జరిగిన త్రిపురిలో తెలుస్తుంది.

శుక్రవారం, నాగపూర్ నుంచి జబల్‌పూర్

ఇది బస్సులోనే గడిచిన రోజు. పెంచ్ అడవుల అంచునుంచి రోడ్డు సివనీ మీదుగా ఉత్తరానికి పోతుంది. 1932లో సుభాష్, శరత్ సోదరులిద్దరినీ సివనీ జైలులో పెట్టి, తర్వాత జబల్‌పూర్ జైలుకు మార్చారు. జబల్‌పూర్‌లోని ఆ కేంద్ర కారాగారానికి ఇప్పుడు సుభాష్ పేరే ఉంది, అక్కడి వైద్య కళాశాలకూ ఆయన పేరే. ఇదే మధ్యప్రదేశ్‌కు 1952 నుంచి 1957 వరకు గవర్నరుగా ఉన్నది పట్టాభి సీతారామయ్య. ఆ పేరు గల వీధి గాని, భవనం గాని ఈ ఊళ్లో నా కంటబడలేదు.

శనివారం, త్రిపురి

పాతబజారులో కమానియా గేటు దగ్గర రోజు మొదలుపెట్టాను. త్రిపురి మహాసభ జ్ఞాపకంగా కట్టిన కమాను ఇది. కింద బట్టల దుకాణాలు, తోపుడు బళ్లు, ఎవరికీ దారి ఇవ్వని స్కూటర్లు. అక్కడి నుంచి భేడాఘాట్ రోడ్డులో తేవర్ వెళ్లాను. కలచురి రాజుల రాజధాని త్రిపురి ఇదే. 1939 మార్చిలో మహాసభకు ఈ పేరు పెట్టి, నర్మద ఒడ్డున వేదిక కట్టారు. తిల్వారా ఘాట్ వైపు నది వెడల్పుగా, నెమ్మదిగా ఉంది. మెట్ల మీద జనం స్నానాలు చేస్తున్నారు.

సుభాష్ మార్చి మొదటి వారంలో తీవ్రమైన జ్వరంతో జబల్‌పూర్ చేరారు. డాక్టర్లు వద్దన్నా వినలేదు. 52వ మహాసభ కనుక 52 ఏనుగులతో ఊరేగింపు సిద్ధం చేశారు. అధ్యక్షుడు లేవలేని స్థితిలో ఉండటంతో రథం మీద ఆయన చిత్రపటాన్ని ఊరేగించారు. ఆయనను స్ట్రెచర్ మీద వేదికకు మోసుకొచ్చారు. జ్వరం నిజమైనదేనా, చంకలో ఉల్లిపాయ పెట్టుకున్నాడా అన్న ఎగతాళి కూడా ఆ శిబిరంలో నడిచిందంటారు. ఆ తర్వాత మోడరన్ రివ్యూలో తన జబ్బు గురించి రాసిన వ్యాసంలో సుభాష్ త్రిపురిలోని నైతిక వాతావరణం గురించి చేదుగా చెప్పారు. దేశం నలుమూలల నుంచి తెలియనివాళ్లు పంపిన తాయెత్తులు, మందులు, దీవెనల గురించి అదే వ్యాసంలో ఎంతో ఆర్ద్రంగా చెప్పారు. రాజకీయ నాయకుల రాతల్లో నాకు బాగా నచ్చినవాటిలో అదొకటి.

గాంధీజీ త్రిపురికి రాలేదు. రాజ్‌కోట్ సంస్థానం వ్యవహారంలో అప్పుడే నిరాహారదీక్ష చేసి విరమించి అక్కడే ఉండిపోయారు. అయినా సభంతా ఆయన చుట్టూనే తిరిగింది. గాంధీజీ విధానాల మీద విశ్వాసం ప్రకటిస్తూ, ఆయన కోరికకు అనుగుణంగానే అధ్యక్షుడు వర్కింగ్ కమిటీని నియమించాలని కోరుతూ గోవింద వల్లభ్ పంత్ తీర్మానం పెట్టారు. అధ్యక్షుడి ఆరోగ్యం దృష్ట్యా దీన్ని అఖిల భారత కాంగ్రెస్ కమిటీకి పంపుదామని ఎం.ఎస్. ఆణే సూచించినప్పుడు సభలో పెద్ద అలజడి రేగింది, నెహ్రూ మాట్లాడబోతే చాలాసేపు మాట్లాడనివ్వలేదు. చివరికి తీర్మానం నెగ్గింది. దాని జయాపజయాలు తేల్చింది జయప్రకాశ్ నారాయణ్ నాయకత్వంలోని కాంగ్రెస్ సోషలిస్టులు. జనవరిలో సుభాష్‌కు ఓటు వేసినవారే, మార్చిలో పార్టీ చీలకూడదన్న కారణం చెప్పి తటస్థంగా ఉండిపోయారు. అతిథులుగా వచ్చిన ఈజిప్టు వఫ్ద్ పార్టీవారు ఈ గందరగోళాన్ని చూసి ఏమనుకున్నారో!

అధ్యక్ష ప్రసంగాన్ని శరత్ బోస్ చదివారు. అందులో బ్రిటిష్ ప్రభుత్వానికి ఆరు నెలల గడువు ఇవ్వాలన్న ప్రతిపాదన ఉంది. యూరప్‌లో యుద్ధం రాబోతోందని, అదే అదనని సుభాష్ అంచనా. సరిగ్గా ఆరు నెలలకు, సెప్టెంబరులో, యుద్ధం వచ్చింది. ఆ ప్రతిపాదన మీద త్రిపురిలో నిజమైన చర్చ జరగలేదు. పోటీ విధానాల మీద జరగాలని కోరిన మనిషి సభలో విధానం గురించి ఎవరూ మాట్లాడకపోవడమే నా దృష్టిలో త్రిపురిలో జరిగిన అసలు నష్టం. ఇందులో సుభాష్ తప్పు లేదని అనను. గెలిచాక పెద్దలను కలుపుకోవడానికి ఆయన దగ్గర పట్టుదల తప్ప పథకం లేదు. పటేల్ వర్గాన్ని బ్రిటిష్ వారితో రాజీపడేవారని బహిరంగంగా అనుమానించి, మళ్లీ వారితోనే కమిటీ నడపాలనుకోవడం అయ్యే పని కాదు.

గోల్ బజారులోని షహీద్ స్మారక్‌లో బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హా బృందం వేసిన కుడ్యచిత్రాలు సాయంత్రం చూశాను. ఆ రంగుల నిశ్చలత్వానికీ, పంత్ తీర్మానం రోజు సభ సాగిన తీరుకూ ఏమాత్రం పొంతన లేదు.

ఆదివారం, రైలులో

హౌరా వెళ్లే ముంబయి మెయిల్ గయ దాటి గోమో మీదుగా ధన్‌బాద్ చేరుతుంది. గోమో జంక్షన్‌కు ఇప్పుడు నేతాజీ పేరు పెట్టారు. 1941 జనవరిలో ఇంటి నిర్బంధం నుంచి తప్పించుకుని ఆయన రైలెక్కింది ఇక్కడే. నాకు కావలసింది దానికి రెండేళ్ల ముందు సంగతి. త్రిపురి తర్వాత సుభాష్ కోలుకోవడానికి ధన్‌బాద్ దగ్గర బొగ్గు గనుల మధ్య ఉన్న జామాడోబాకు వచ్చారు. అక్కడి నుంచే గాంధీజీతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపారు. మీ కోరిక ప్రకారమే కమిటీ వేయాలని తీర్మానం చెబుతోంది కనుక పేర్లు మీరే చెప్పండని సుభాష్ అడిగారు. పేర్లు రుద్దడం నా పని కాదు, మీకు నచ్చినవారితో మీరే వేసుకోండని గాంధీజీ రాశారు. గాంధీజీ పేర్లు చెప్పరు, చెప్పకుండా సుభాష్ వేయలేరు. మార్చి 28న సుభాష్ నెహ్రూకు చాలా పొడవైన ఉత్తరం రాసి, కొంతకాలంగా మీకు నా మీద విపరీతమైన అయిష్టం ఏర్పడిందని నిష్ఠూరమాడారు. పటేల్ మీద అంత కోపం లేదు. తనవాడనుకున్న మనిషి మధ్యలో నిలబడటమే ఆయనను నొప్పించింది.

సోమవారం, కోల్‌కతా

వెల్లింగ్టన్ స్క్వేర్‌ను ఇప్పుడు రాజా సుబోధ్ మల్లిక్ స్క్వేర్ అంటున్నారు. చుట్టూ ట్రామ్ పట్టాలు, బస్సుల రొద. 1939 ఏప్రిల్ 29న అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం ఇక్కడే జరిగింది. దానికి ముందు సోదేపూర్ ఖాదీ ఆశ్రమంలో గాంధీజీతో సుభాష్ చివరిసారి మాట్లాడి చూశారు. ఫలితం లేకపోయింది. సమావేశంలో ఆయన రాజీనామా ఇచ్చారు. ఉపసంహరించుకోమని నెహ్రూ కోరినా ఒప్పుకోలేదు. రాజేంద్ర ప్రసాద్‌ను ఎన్నుకున్నారు. బెంగాల్ జనం కోపంతో ఊగిపోయారు.

మే 3న సుభాష్ ఫార్వర్డ్ బ్లాక్‌ను ప్రకటించారు, మొదట కాంగ్రెస్ లోపలి వర్గంగానే. మన ప్రాంతంలో మద్దూరి అన్నపూర్ణయ్య వంటివారు దానిలో చేరారు. ఎల్గిన్ రోడ్డులోని నేతాజీ భవన్‌లో ఈ నెలల ఉత్తరాలకన్నా 1941లో ఆయన తప్పించుకున్న కారు దగ్గరే సందర్శకులు ఎక్కువగా ఆగుతున్నారు. అది సహజమే, సాహసం చూడటానికి బాగుంటుంది. అయితే ఆ కారు ఎక్కేదాకా ఆయనను తెచ్చిన దారి ఆ ఉత్తరాల్లో ఉంది.

రాజేంద్ర ప్రసాద్ నియమించిన వర్కింగ్ కమిటీలో పాతవారు దాదాపు అందరూ తిరిగి వచ్చారు. సుభాష్, శరత్‌ల స్థానంలో బెంగాల్ నుంచి బిధాన్ చంద్ర రాయ్, ప్రఫుల్ల చంద్ర ఘోష్‌లను తీసుకున్నారు. నెహ్రూ చేరలేదు. జనవరిలో ఓడిన పట్టాభి ఆ కమిటీలో సభ్యులయ్యారు. తొమ్మిదేళ్ల తర్వాత, 1948లో, పురుషోత్తమ్ దాస్ టండన్‌ను స్వల్ప ఆధిక్యంతో ఓడించి అధ్యక్షులూ అయ్యారు. జనవరిలో గెలిచిన సుభాష్ మాత్రం, అఖిల భారత కమిటీ తీర్మానాలకు నిరసనగా జూలై 9న దేశవ్యాప్త ప్రదర్శనలు జరిపించినందుకు, కాంగ్రెస్‌లో ఎన్నికైన ఏ పదవికీ మూడేళ్ల పాటు అర్హుడు కాడని ఆగస్టులో వర్కింగ్ కమిటీ తీర్మానించింది. ఆ సమావేశం జరిగింది వార్ధాలో.